నెలకు రెండు ఆదివారాలు

ఇష్రత్, నాసిర్ విడిపోయిన నాడు బాపట్ల నుంచి వచ్చిన పెద్దమనిషి ఇమామ్ సాహెబ్ షరీయత్ ప్రకారం మాట తేల్చారు. ఆడపిల్ల గనక ఈడేరేదాకా కూతురు షహనాజ్ తల్లి దగ్గరే ఉండాలి. తండ్రి నెలకు రెండు ఆదివారాలు తీసుకెళ్లొచ్చు. ఇష్రత్ పరాయివాణ్ణి పెళ్లి చేసుకుంటే మాత్రం పిల్ల ఆమె దగ్గర ఉండదు. ఇష్రత్ తల్లి బతికి లేదు కాబట్టి రేపల్లెలో నాయనమ్మ ఇంటికి వెళ్తుంది.

నాసిర్‌కు అలాంటి షరతేమీ లేదు. ఏడాది తిరక్కుండానే ఖైరున్నీసాను చేసుకున్నాడు. ఇష్రత్ తెనాలిలో చిన్న గది అద్దెకు తీసుకుని బట్టలు కుట్టుకుంటూ ఉండిపోయింది. బాపట్ల నుంచి ఒక మంచి సంబంధం వస్తే, పిల్ల కోసం వద్దంది.

2006లో షహనాజ్‌కు ఆరేళ్లు. ఒక ఆదివారం సాయంత్రం రేపల్లె నుంచి కొత్త గౌను వేసుకుని వచ్చింది. ఛోటీ అమ్మీ, అంటే ఖైరున్నీసా, కొనిపెట్టిందని తిరిగి తిరిగి చూపించింది. ఊరందరికీ బట్టలు కుట్టే తల్లి ఆ గౌను అంచు తిప్పి చూసి, కుట్టు బాగాలేదంది. ఆ రాత్రి షహనాజ్ సేమ్యా సగంలో వదిలేసి, ఛోటీ అమ్మీ అయితే కొబ్బరి వేస్తుందని చెప్పింది. ఇష్రత్ ఆ గిన్నె తీసి పక్కన పెట్టింది. మొగుణ్ణి తీసుకుంది చాలదా, పిల్ల కూడా కావాలా అని లోలోపల రగిలిపోయింది.

తర్వాత నాసిర్ తీసుకెళ్లాల్సిన మూడు విడతలూ పిల్లకు జ్వరమని కబురు పంపింది.

మూడో విడత దాటాక ఒక బుధవారం ఖైరున్నీసా ఒక్కతే రేపల్లె పాసింజరు దిగి గది వెతుక్కుంటూ వచ్చింది. ఇరవై రెండేళ్ల పిల్ల. ఆమె గుమ్మంలో నిలబడి ఉండగానే షహనాజ్ మధ్యాహ్నం అన్నానికి బడి నుంచి పరుగెత్తుకొచ్చి ఆమె నడుము పట్టుకుంది. జ్వరం సంగతి ఖైరున్నీసా ఎత్తలేదు. పిల్ల తిని మళ్లీ బడికి వెళ్లేదాకా గోడకు ఆనుకుని కూర్చుంది.

"మూడుసార్లు పిల్ల రాకపోతే నాకు సంతోషమేసింది అక్కా," అంది అప్పుడు. "అది వచ్చిన రోజు ఆయనకు నేను కనపడను. అది నవ్వితే అచ్చం వాళ్లమ్మ నవ్వేనంటారు, నా ముందే."

ఇష్రత్ మిషను ఆపింది.

"మరి ఎందుకొచ్చావు?"

"ఆయన వకీల్ని కలిశారండి. పిల్లని చూపించట్లేదని కేసేసి, పూర్తిగా తెచ్చుకుంటానంటున్నారు. రెండు ఆదివారాలంటే ఎలాగో ఓర్చుకుంటా. రోజూ ఆ నవ్వు నా ఇంట్లో ఉంటే నా వల్ల కాదు. పంపించండి అక్కా."

ఇన్నాళ్లూ ఇష్రత్ తానే ఓడిపోయాననుకుంది. రేపల్లెలో ఆ ఇంట్లో తన నవ్వును చూసి కుమిలిపోయే మనిషి ఉందని ఇప్పుడే తెలిసింది. జాలి పడాల్సిన చోట మనసు తేలికపడింది. అందుకు కొంచెం సిగ్గూ వేసింది. ఆదివారం పంపిస్తానని చెప్పి, టీ కాచి ఇచ్చింది.

మాట ప్రకారమే పంపింది. నాసిర్ మళ్లీ వకీలు దగ్గరికి వెళ్లలేదు. బాపట్ల సంబంధం వాళ్లు ఇంకోసారి అడిగించినా ఇష్రత్ అదే జవాబు చెప్పింది.

మాట ఇచ్చిన ఆ మొదటి ఆదివారం మాత్రం షహనాజ్‌ను త్వరగా లేపింది. పెళ్లయిన కొత్తలో తాను దువ్వుకున్నట్టే పాపిట పక్కకు తీసి దువ్వింది. తనలాగే కాటుక చివర్లు కొద్దిగా సాగదీసి పెట్టింది. ఖైరున్నీసా గుమ్మంలోనే అది కనిపెడుతుందని తెలుసు. చేస్తున్నది మంచిపని కాదనీ తెలుసు. చెరిపేద్దామని కొంగు చివర తడిపి చేతిలోకి తీసుకుంది కూడా. ఇంతలో నాసిర్ పిలుపు వినిపించింది. పిల్లను అలాగే పంపించేసింది.