నర్సరీ ఆఫీసులో నా సాక్ష్యం

నేను ఒక గడియారం బొమ్మను. గోడకు వేలాడేదాన్ని కాదు, చేతికి కట్టుకునేదాన్ని అంతకన్నా కాదు. కంప్యూటర్లో బ్రౌజర్ తెరిస్తే కుడివైపు పై మూలన గోరంత చోటులో కూర్చునే ఎక్స్‌టెన్షన్‌ను. మీరు తెరిచిన వెబ్‌సైటు ఎంతసేపటికి వచ్చింది, ఆలస్యమైతే అందులో ఏ ముక్క వల్ల ఆలస్యమైంది అని ఆరా తీసి చెప్పడం నా పని. తేలికగా చెప్పాలంటే అనుమానించడమే నా ఉద్యోగం.

నన్ను పుట్టించింది కూడా అనుమానమే. కాకినాడలో ప్రభుదాసు అనే ఇంజనీరు ఉండేవాడు. కరెంటు బిల్లు కట్టే పేజీ తెరిచినప్పుడల్లా అది గుండ్రంగా తిరుగుతూనే ఉండేది. తప్పు తన కంప్యూటరుదా, నెట్ ఇచ్చేవాడిదా, ఆ పేజీ తయారు చేసినవాడిదా తేల్చుకోలేక కసి పుట్టి నన్ను తయారు చేశాడు. ఎవరికి కావాలంటే వారు తీసుకోండని ఊరి మీద వదిలేశాడు. ఊరికే ఇస్తున్నాడంటే ఏదో ఉండి ఉంటుందని చాలామంది ముట్టుకోలేదు. వాళ్లను నేను తప్పు పట్టను, వాళ్ల స్థానంలో ఉంటే నేనూ అదే అనుకునేదాన్ని.

ముట్టుకున్నవాళ్లలో విశాఖపట్నంలోని ఒక ఆఫీసు వాళ్లున్నారు. అక్కడ నన్ను బాగా వాడుకున్నారు. పేజీ ఆలస్యమైతే బొమ్మలు వేసేవాళ్లు సర్వరు చూసేవాళ్లని, సర్వరు చూసేవాళ్లు బొమ్మలు వేసేవాళ్లని వేలెత్తి చూపించేవారు. ఇద్దరూ నా లెక్కలే ఋజువుగా తెచ్చేవారు. నిజం చెప్పే సాక్షి దొరికితే మనిషి ముందు చేసే పని, ఆ నిజంలో తనకు పనికొచ్చే సగం కత్తిరించుకోవడం. ఆ ఆఫీసులో నేర్చుకున్నది ఇదొక్కటే.

ఆ ఆఫీసులో హైమ అనే అమ్మాయి ఉండేది. ఉద్యోగం మానేసి సొంత ఊరు రాజమండ్రి వచ్చేసి, కడియం దారిలో వరుసగా ఉన్న మొక్కల నర్సరీలకు వెబ్‌సైట్లు చేసి పెట్టడం మొదలుపెట్టింది. వస్తూ నన్నూ వెంట తెచ్చుకుంది. ఆమెకు మొదటి పని ఇచ్చినవారు నూకరాజు గారు. శ్రీ సత్తెమ్మ తల్లి నర్సరీ ఆయనదే. ఆయన ఆఫీసు గదిలోని కంప్యూటర్లోకి నేను వచ్చింది మాత్రం తర్వాత, ఒక గొడవ వల్ల.

తొలకరి దగ్గర పడింది. మొక్కలు అమ్ముడుపోయే కాలం అది. బెంగుళూరు, హైదరాబాదు గిరాకీలు ఫోన్లు చేసి వెబ్‌సైటు తెరుచుకోవడం లేదని, తిరిగి తిరిగి విసుగొచ్చి పక్క నర్సరీలో కొనుక్కున్నామని చెబుతున్నారు. నూకరాజు గారు తన కంప్యూటర్లో తెరిస్తే మాత్రం రెప్ప వేసేలోగా వచ్చేస్తోంది. ఆయన హైమను పిలిపించారు. గదిలో ఆయన బావమరిది సుబ్బలింగం, టీ తాగడానికి వచ్చిన ఇరుగుపొరుగు నర్సరీల పెద్దలు, మూలన పూలు సర్దుతున్న ఆయన భార్య మంగతాయారు ఉన్నారు.

హైమ నన్ను ఆ కంప్యూటర్లో పెట్టింది. పెట్టేటప్పుడు 'ఇది మీరు చూసే వెబ్‌సైట్లన్నిటినీ చదవగలదు, సరేనా' అని బ్రౌజర్ అడిగింది. సుబ్బలింగం ఆ మాట పైకి చదివి బావ వంక చూశాడు. అప్పటినుంచీ అతని చూపు నా మీద నుంచి కదల్లేదు.

పేజీ తెరిచారు. నేను కొలిచాను. ఆకుపచ్చ రంగు వేసి 'చాలా వేగం' అని చెప్పాను. నేను చెప్పింది నిజం. ఆ నిజమే ఆ పిల్ల మెడకు చుట్టుకుంది.

"సూశారా బావా," అన్నాడు సుబ్బలింగం. "ఇక్కడ మనకి బాగానే వత్తంది. బయటోళ్లకే రాట్లేదు. అంటే ఎవరో కావాలని సేత్తన్నారన్నమాట. అవతల రాయుడు గారి నర్సరీకి సైటు సేసిందీ ఈ అమ్మాయేనండి ఆయ్."

నూకరాజు గారు గ్లాసు కింద పెట్టారు. "ఏమ్మా హైమా, కూతురు లాంటిదానివని సైటు తాళాలన్నీ నీ సేతిలో పెట్టాను. మా గిరాకీ అవతలికి తోలేత్తన్నావా?"

"అయ్యో బాబాయ్ గారూ, నేనేం చెయ్యలేదండి. మా ఇంట్లో కూడా బాగానే వస్తోందండి."

"నీకూ వత్తాది, నాకూ వత్తాది. కొనేవోడికే రాదు. బాగుందమ్మా."

టీ గ్లాసులు పట్టుకున్న పెద్దలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆ దారిలో మాట మొక్క కన్నా తొందరగా నాటుకుంటుంది. వాళ్లు ఆ గది దాటి వెళ్లేసరికి ఏ నర్సరీ గేటూ హైమకు తెరుచుకోదు. ఆమెకు ఆ సంగతి తెలుసు, నాకూ తెలిసింది. నిజం చెప్పి కూడా తలెత్తుకోలేకపోవడం నాకు అదే మొదటిసారి.

హైమ కళ్లు తుడుచుకోలేదు. నా వైపే కాసేపు అనుమానంగా చూసింది. ఆ చూపు నాకు నచ్చింది, అది నా జాతి చూపు. అప్పుడు ఆమెకు వెలిగింది. కంప్యూటరుకు పెద్దమ్మలకుండే అలవాటు ఒకటుంది. ఒకసారి చూసిన పేజీలోని ఫోటోలను తన దగ్గరే దాచుకుని, మళ్లీ అడిగితే అటక మీద నుంచి తీసిచ్చినట్టు తీసిస్తుంది. రోజూ తెరిచేవాడికి ఏదీ ఆలస్యం కాదు. కొత్తగా వచ్చినవాడికే మొత్తం సరుకు మోసుకురావాలి.

"బాబాయ్ గారూ, ఒక్క నిమిషం. ఇందాక మనం చూసింది మన గిరాకీ చూసేది కాదండి," అంటూ ఆమె నాలోని ఒక గడి నొక్కింది. దాచుకున్నవేవీ వాడకు, కొత్తవాడిలా తెరువు అని దానర్థం.

ఈసారి పేజీ తిరగడం మొదలుపెట్టింది. తిరిగింది, తిరిగింది. టీ గ్లాసులు ఖాళీ అయ్యాయి. నేను ఎర్రబడ్డాను. ఏ ముక్క ఎంతసేపు పట్టిందో ఒక్కొక్క గీతగా గీస్తూ పోయాను. మొక్కల ఫోటోల గీతలు చిన్నవే. వాటికి ముందు, పైనుంచి కిందిదాకా, వాననీటి కాలవలాంటి పొడుగు గీతలు వందల కొద్దీ వచ్చాయి. నేను అప్పటికే సుబ్బలింగం మీద మనసులో నేరం మోపేసి ఉన్నాను. హైమ ఒక గీత మీద నొక్కి ఆ ఫోటో తెరిచింది.

సత్తెమ్మ తల్లి. నుదుట కుంకుమ, పాదాల దగ్గర ఒక ముద్దమందారం.

ఇంకోటి నొక్కింది. సత్తెమ్మ తల్లి, పాదాల దగ్గర నందివర్ధనం. ఇంకోటి. సత్తెమ్మ తల్లి, కనకాంబరం.

నూకరాజు గారు చెప్పులు విప్పేశారు. పూలు సర్దుతున్న మంగతాయారు గారు బుట్ట పక్కన పెట్టి లేచారు. ఆమె ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. ఆ ఫోటోలు కూడా హైమే పెట్టిందని సుబ్బలింగం అనేసేవాడు. అతని నోరు అప్పటికే సగం తెరుచుకుంది.

"అయ్యి నేను పెట్టినయ్యే," అన్నారామె. "కొట్టు తెరిసే ముందు దీపం ఎట్టమా? అదీ మన కొట్టే కదా. రోజూ తోటలో మొదట పూసిన పువ్వు అమ్మ కాళ్ల కాడెట్టి, ఫోటో తీసి అందులో పెడతన్నాను. ఎలా పెట్టాలో హైమమ్మే నేర్పింది, పండగలకి మార్చుకోమని."

"మార్చుకోమన్నాను కదా పిన్ని గారూ. కొత్తది పెట్టినప్పుడు, పాతది తొలగించాలా అని అడుగుతుంది. అవును అంటే పోతుందండి."

"అడుగుద్ది. రోజూ అడుగుద్ది," అన్నారు మంగతాయారు గారు. "అమ్మని తీసెయ్యమంటావా అంటే, అవునని ఏ సేత్తో నొక్కమంటావే?"

నా పొడుగు గీతల లెక్క అప్పుడు తేలింది. పైకి కనబడేది ఒక్క ఫోటోయే. దాని వెనక అమ్మవారు రోజుకొకరు చొప్పున నిలబడి ఉన్నారు. కొత్తగా వచ్చిన గిరాకీ అందరి దర్శనమూ అయితే గాని మొక్కల దాకా పోలేడు. తాను అది ముందే చూడాల్సింది, తన ఇంట్లో బాగానే వస్తోందని ఊరుకున్నానని హైమ కూడా ఒప్పుకుంది.

తప్పు తెలిసింది గాని, తీసెయ్యడానికి ఎవరికీ చేతులు రాలేదు. సుబ్బలింగమైతే కంప్యూటరుకు దూరంగా జరిగాడు. చివరికి దారి మంగతాయారు గారే చూపించారు. "పాత పటాల్ని ఏం సేత్తామర్రా? గోదాట్లో కలుపుతాం. వీటినీ అలాగే కలుపుదాం." హైమ నవ్వలేదు. ఫోటోలన్నీ ఒక పెన్‌డ్రైవులోకి ఎక్కించి ఇచ్చింది. దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, ఎర్రగుడ్డలో చుట్టి, మూడో రోజు ధవళేశ్వరం తీసుకెళ్లి గోదావరిలో వదిలి వచ్చారు. ఆ తర్వాతే హైమ 'అవును' నొక్కింది. పేజీ కొత్తవాడికి కూడా చిటికెలో వచ్చింది. నేను మళ్లీ పచ్చబడ్డాను.

నూకరాజు గారు గొంతు సవరించుకున్నారు. "సరేగానమ్మా, వెళ్లేటప్పుడు మంచి మల్లె మొక్కొకటి పట్టుకెళ్లు."

"మొక్క వద్దు బాబాయ్ గారూ. మొన్న ఈ పెద్దలందరి ముందు అన్న మాట, వీళ్ల ముందే వెనక్కి తీసుకోండి చాలు."

పెద్దలు ఆవేళ కూడా టీకి వచ్చి ఉన్నారు. నూకరాజు గారు కిటికీలోంచి తోట చూశారు, ఫ్యాను చూశారు. ఆ ఆలస్యాన్ని నేను కొలవలేదు, అది నా పరిధిలోది కాదు. మంగతాయారు గారు ఆయన ఎదురుగా వచ్చి నిలబడ్డారు.

"ఈ అమ్మాయి తప్పేం లేదండి," అన్నారు నూకరాజు గారు పెద్దల వైపు తిరిగి. "నేనే తొందరపడ్డాను."

హైమ అందరికీ నమస్కారం పెట్టి బయటికి వెళ్లింది. నడక వెళ్లేదానిలా లేదు, పనికి పోయేదానిలా ఉంది. నాకు చాలా సంతోషమేసింది. నాలాంటిదానికి సంతోషమొస్తే వెంటనే అనుమానం కూడా వస్తుంది. వచ్చింది.

పెద్దలు లేచి వెళ్లాక సుబ్బలింగం కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "బావా, అంతా బాగానే ఉంది గానండి, ఆ గడియారం బొమ్మ ఇంకా ఇక్కడే ఉంది. మనం ఏం సూసినా అదీ సూత్తదంట. మొన్న ఇంట్లో గుట్టు పది మందిలో పెట్టింది. రేపు ఇంకేం పెడతదో."

నూకరాజు గారు తల ఊపారు. కళ్లజోడు పెట్టుకున్నారు. బాణం గుర్తు నా మీదికి వచ్చి ఆగింది. ఇంతమంది మీద అనుమానపడిన నేను, నా మీద పడిన అనుమానానికి నొచ్చుకుంటున్నాను. అందుకు నాకే నవ్వొస్తోంది.

కంప్యూటరు మర్యాదగా అడిగింది: తొలగించాలా?

మూలన మంగతాయారు గారు పూలబుట్ట లోంచి తల ఎత్తారు. నూకరాజు గారి వేలు మాత్రం ఆగలేదు.