మూడో ఏడాది మొక్కు

గనుల ఊరు ఒరూరోలో గనిమాతను ఏమీ అడగనివాళ్లు లేరు. ఒకరు బిడ్డ జ్వరం తగ్గించమంటారు, ఒకరు పాత లారీ పోయి కొత్త లారీ రావాలంటారు, సిగ్గులేనివాళ్లు పక్కింటివాడి లారీ చెడిపోవాలని కూడా అడుగుతారు. కోరిక ఏదైనా మొక్కు మాత్రం ఒకటే. కార్నివాల్ శనివారం నాడు బృందంతో కలిసి, బాకాల వెంట, ఊరి ఆ చివర నుంచి గని మీద కట్టిన గుడి దాకా చిందేసుకుంటూ రావాలి. అలా వరసగా మూడేళ్లు. మధ్యలో ఒక్క ఏడు తప్పినా మళ్లీ ఒకటి నుంచే.

ఇలారియా కోరిక వింటే ఎవరైనా నవ్వుతారు. అందుకే ఆమె ఎవరికీ చెప్పలేదు. "అమ్మా, వరసగా మూడేళ్లు నన్ను చిందెయ్యనివ్వు" అని అడిగింది, అంతే. అడిగిందీ చిందే, చెల్లించాల్సిందీ చిందే. ఇలాంటి బేరం ఆ తల్లికి కూడా కొత్తే అయివుంటుంది.

ఆ కోరిక ఇవాళ్టిది కాదు. ఆమె తల్లి ఆ దారి పక్కనే ఊదారంగు మొక్కజొన్న జావ, జున్ను పూరీలు అమ్మేది. పిల్లప్పుడు ఇలారియా బల్ల కింద కూర్చుని చూసేది. అక్కణ్నుంచి కాళ్లే కనిపించేవి. మడతల లంగాల అంచులు ఇటూ అటూ ఊగుతూ పోయేవి, మనుషులు కనిపించేవాళ్లు కారు. పెళ్లయ్యాక తానూ అదే బల్ల వెనక నిలబడి అదే జావ పోసింది. ఏటా బాకాలు దగ్గరికొచ్చేసరికి గరిటె చేతిలోనే ఆగిపోయేది, కొనేవాళ్లు కసురుకునేవాళ్లు. నలభై దాటాక గానీ బృందంలో చేరడానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

చేరిన ఏడు ఆడింది. మరుసటి ఏడు మహమ్మారి వచ్చి పండగే లేకుండా పోయింది. మళ్లీ మొదలుపెట్టి ఒక ఏడు ఆడింది. ఆ తర్వాత జనవరిలో మొగుడు హసింతో ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. సంతాపంతో ఏడాదిపాటు నల్లబట్టల్లో ఉన్న మనిషి చిందెయ్యకూడదు. ఏడాది తిరిగాక మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి రెండేళ్లు సాఫీగా గడిచాయి. ఇక మూడోది. ఆకుపచ్చ లంగా కుట్టించుకుంది, శాలువా అంచుకు కుచ్చులు తనే ముడివేసుకుంది.

పండగ ముందు వారమంతా పిల్లలు వీధుల్లో నీళ్లు నింపిన రబ్బరు బుడగలు విసురుతారు. అది వాళ్ల హక్కు, కాదనడానికి లేదు. బజారు మెట్ల మీద ఎవడో విసిరిన బుడగను తప్పించుకోబోయి ఇలారియా తడిమెట్టు మీద కాలు జారింది. అప్పటికింకా నవ్వుతూనే ఉంది. కింద పడ్డాక తెలిసింది చీలమండ విరిగిందని. మోకాలి కింద నుంచి వేళ్ల దాకా సిమెంటు కట్టు వేశారు. నోటిదాకా వచ్చిన ముద్ద నేలపాలైంది.

మర్నాడు నిల్దా వచ్చింది. నిల్దా కూతురికి బాప్తిస్మం నాడు ఇలారియా జ్ఞానతల్లిగా నిలబడింది, అప్పట్నుంచి ఇద్దరూ వదినామరదళ్ల లెక్క. వరసలో కూడా పక్కపక్కనే ఆడతారు.

"పెద్దాయన ఏమన్నాడు?" అంది ఇలారియా. పెద్దాయనంటే బృందం నాయకుడు సెనోబియో.

నిల్దా గోడవైపు చూసింది. "వరసలో ఖాళీ ఉంటే చూడ్డానికి బాగోదంటున్నాడు వదినా. నీ చోట్లో ఇంకెవరినన్నా పెడదామని..."

"పెట్టమను. అదిగో, బట్టలు మేకుకు వేలాడుతున్నాయి. ఎవరికి సరిపోతే వాళ్లకియ్యి."

నిల్దా లంగాను ముట్టుకోలేదు. మేకు పక్కన వేలాడుతున్న గిలక మాత్రం తీసుకుంది. చిందేసేటప్పుడు చేతిలో తిప్పుతూ మోగించేది, చెక్కతో చేసింది, హసింతో స్వయంగా రంగు వేసింది. దాన్ని శాలువాలో చుట్టుకుని వెళ్లిపోయింది. తనను కూడా అలాగే మేకు మీంచి తీసుకెళ్లగలిగితే ఎంత బాగుండునని ఇలారియాకు అనిపించింది.

ఆ రోజు నుంచి ఆమె గనిమాత మీద అలిగింది. అక్కడితో ఆగిందా, భూమాత మీద కూడా అలిగింది. జావ దింపగానే మొదటి గరిటె నేల మీద ఒలికించి దణ్ణం పెట్టుకోవడం పుట్టినప్పట్నుంచీ అలవాటు. అది మానేసింది.

అత్తగారు దమాసా ఊరుకునే మనిషి కాదు. "నేల మీద ఎందుకే కోపం? బుడగ విసిరింది ఆవిడా?"

"పడేసింది ఆవిడేగా అత్తా!"

"పట్టుకుంది కూడా ఆవిడే. లేకపోతే ఇంకా కిందికి పోయేదానివి, గనిలోకి."

కొడుకు పోయాక ఈ ముసలామె కోడలి చిందులను ఏనాడూ మెచ్చుకోలేదు. ఎదురుగా చెప్పేది కాదు, కుండతో చెప్పేది. "వింటున్నావటే కుండా, దీనికి ఈ వయసులో గంతులు కావాలంట."

శనివారం గుడి ముందు మైదానం అంచున ఇద్దరూ బల్ల వేశారు. ఇంట్లో ఉండమన్నా ఇలారియా వినలేదు. ఇంట్లో ఉంటే బాకాలు సన్నగా వినిపిస్తాయి, అది ఇంకా అన్యాయం. కట్టు కాలిని పెట్టె మీద చాపుకుని కూర్చుని జావ పోసింది. ఒక్కో బృందం వస్తోంది, గుడి గుమ్మం దగ్గర ముసుగులు తీస్తోంది, మోకాళ్ల మీద లోపలికి పోతోంది. ఈ పాటికి వీధి మలుపు తిరుగుతూ ఉండేదాన్ని అనుకుంది ఇలారియా. ఈ పాటికి నా అరికాళ్లు మండుతూ ఉండేవి. ఆ మంట కావాలనిపించింది ఆమెకు, ఎంత పిచ్చి!

మధ్యాహ్నం దాటాక తమ బాకాలు వినిపించాయి. వెయ్యి బాకాల్లో అయినా ఆమె వాటిని పోల్చుకోగలదు. గరిటె ఆగిపోయింది.

ఆకుపచ్చ లంగాలు వచ్చాయి. ముందు వరసలో నిల్దా ఉంది. నిల్దా పక్కన ఎవరూ లేరు. నోట్లో పన్ను ఊడిన చోటులా ఆ వరసలో ఖాళీ, దాన్ని ఎవరూ పూడ్చలేదు. నిల్దా ఒక చేత్తో తన గిలకా, రెండో చేత్తో ఇలారియా గిలకా తిప్పుతోంది. రెండు చేతులూ నిండి లంగా పట్టుకోలేక, అంచు తొక్కుకుంటూ, తడబడుతూ, చెమటలు కక్కుతూ ఆడుతోంది. వెనక సెనోబియో మొహం గంటు పెట్టుకుని వస్తున్నాడు.

ఇలారియా ఏడ్చింది. ముక్కు చీదుకుంటూ, చూసేవాళ్లు చూస్తున్నారని కూడా లేకుండా ఏడ్చింది. "మూడో ఏడు అత్తా... ఇంత దూరం వచ్చి! కాలొక్కటి నిలబడితే చాలు, నేనూ ఆ గుమ్మం దాటేదాన్ని."

దమాసా పూరీ తిరగేస్తూ విసుక్కుంది. "గుమ్మం దాటడానికి కాలెందుకే? లోపలికి ఎవరు కాళ్ల మీద పోతున్నారు? కళ్లు కూడా విరిగాయా నీకు?"

ఇలారియా చూసింది. బృందం గుమ్మం దగ్గర ఆగింది. టోపీలు తీస్తున్నారు, వంగుతున్నారు. ఒక్కొక్కరూ మోకాళ్ల మీదికి దిగుతున్నారు. కాళ్లు బాగున్నవాళ్లూ, బొబ్బలెక్కినవాళ్లూ, సెనోబియో కూడా. అందరి ఎత్తూ ఒకటైపోయింది.

ఆమె బల్ల పట్టుకుని లేచింది. అత్తగారు భుజం అందించింది, తిడుతూనే. ఇద్దరూ కుంటుకుంటూ మైదానం దాటారు. గుమ్మం దగ్గర ఇలారియా కిందికి దిగింది. మోకాళ్లు రెండూ గట్టిగానే ఉన్నాయి. కట్టు కాలు వెనకాలే రాతి నేల మీద బరబరా ఈడ్చుకొచ్చింది. ఒంటి మీద జావ మరకల ఏప్రాన్, చేతులకు నూనె.

అలాగే లోపల నిల్దా పక్కన ఖాళీలోకి చేరింది. నిల్దా పక్కకి చూసి గిలక ఆమె చేతిలో పెట్టింది.

"ఇది లెక్కలోకి వస్తుందంటావా వదినా?" నిల్దా గుసగుసగా అడిగింది.

"రాదు. చిందెయ్యలేదుగా."

"అసలు ఏమని మొక్కుకున్నావు? ఇన్నేళ్లలో చెప్పలేదు."

ఇలారియా చెప్పింది. నిల్దా గుళ్లో ఉన్న సంగతి మరచి పకపకా నవ్వింది, సెనోబియో ముందునుంచి తల తిప్పి గుడ్లురిమాడు. నవ్వు ఆపుకున్నాక నిల్దా కళ్లు తుడుచుకుంది. "మరి ఆవిడ ఇవ్వలేదుగా. ఇంకా ఎందుకొచ్చావు?"

నిజానికి ఇలారియా దెబ్బలాడదామనే వచ్చింది. గనిమాత ముందుకి చేరేసరికి దెబ్బలాట నోట రాలేదు. బల్ల కింద కూర్చున్న పిల్ల గుర్తొచ్చింది, కాళ్లు తప్ప ఏమీ చూడని పిల్ల. ఆ పిల్లకి ఇప్పటికి నాలుగు శనివారాలు దక్కాయి. "ఇచ్చినదానికి వచ్చాను" అంది. ఆ తర్వాత గనిమాతతో మాత్రం, ఎవరికీ వినబడకుండా, "వచ్చే ఏడు మళ్లీ ఒకటి నుంచి. మూడేళ్లమ్మా, మరచిపోకు" అంది.

బయటికొచ్చేసరికి దమాసా బల్ల దగ్గర ఒక్కతే అవస్థ పడుతోంది.

"తీరిందా మొక్కు?"

"లేదత్తా. మళ్లీ మొదటికే."

ముసలామె చేతిలో గరిటె కోడలికి అందించి, ఖాళీ కుండ వైపు తిరిగింది. "వింటున్నావటే కుండా, వచ్చే ఏడు మనిద్దరమే జావ పొయ్యాలంట."

ఇలారియా కొత్త కుండ మూత తీసింది. మొదటి గరిటె నేల మీద ఒలికించింది. తర్వాతి బృందం బాకాలు మైదానంలోకి వచ్చాయి. కట్టు చివర బయటికి కనిపిస్తున్న కాలివేళ్లు, ఆమె చెప్పకుండానే, తాళం తప్పకుండా ఆడుతున్నాయి.