ఓల్షినా పటంలో కన్నం

వ్లాస్తా కుదెల్కోవా బిస్త్రొవిత్సే స్నానశాలల్లో ఇరవై ఏళ్ళకు పైగా పనిచేసింది. కీళ్ళనొప్పులతో వచ్చినవాళ్ళను బల్లమీద పడుకోబెట్టి, పొగలు కక్కే నల్లమట్టి ఒంటినిండా పూసి, దుప్పట్లో చుట్టి, చెమటలు పట్టేదాకా పక్కన కూర్చోవడం ఆవిడ పని. జిల్లా కార్యాలయంలో పెద్ద కుర్చీల్లో ఉన్నవాళ్ళలో సగంమంది ఏదో ఒక ఏడాది ఆవిడ చేతికింద ఆ మట్టిలో పడుకున్నవాళ్ళే. అందుకే ఆవిడకు అధికారులంటే భయం పుట్టలేదు.

"బట్టల్లేకుండా చూసినవాణ్ణి కోటు తొడుక్కోగానే గొప్పవాడనుకోమంటే నావల్ల అవుతుందా?" అనేది.

ఆవిడ ఊరు ఓల్షినా. పట్నం దాటి ఎగువకు వెళ్తే అడవి అంచున వస్తుంది. పేరుకు ఊరేగాని కాగితాల్లో బిస్త్రొవిత్సే పట్నంలో ఒక భాగం. పట్నంలో రాళ్ళు పరిచిన వీధులు, స్తంభాల మంటపం కింద పింగాణీ కప్పులతో ఊటనీళ్ళు చప్పరిస్తూ తిరిగే రోగులు, తెల్లవార్లూ వెలిగే దీపాలు. ఓల్షినాలో చెరువులాంటి గుంతలు, బీరు కొట్టు ముందు ఒకే ఒక్క దీపం. ఆ దీపం కూడా గాలి వీస్తే ఆరిపోయేది.

పాత ప్రభుత్వం కూలిపోయిన కొత్తల్లో చుట్టుపక్కల ఊళ్ళన్నీ పట్నాలనుంచి విడిపోవడం మొదలుపెట్టాయి. వ్లాస్తాకూ ఊపు వచ్చింది. బీరు కొట్టులో జనాన్ని పోగుచేసి బల్లమీద గుద్ది మరీ మాట్లాడింది.

"మన కొండలో ఊరిన నీళ్ళు తాగి ఎక్కడెక్కడివాళ్ళ మోకాళ్ళో బాగుపడుతున్నాయి. మన మోకాళ్ళు మాత్రం మన గుంతల్లోనే విరుగుతున్నాయి. ఏమన్నా అడిగితే 'వచ్చే ఏడాది చూద్దాం' అంటారు. మన గడప ఎలా ఉంటుందో ఎన్నడూ చూడనివాడు మనకేం కావాలో చెప్తాడా? మన ఊరిని మనమే ఏలుకుందాం!"

అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ఆవిడ అక్క బొహుమిలా. ఓల్షినాకు ఇంకా పైన, గుట్టమీద హోర్కా అని పిడికెడు ఇళ్ళున్న పల్లె ఉంది. బొహుమిలా అక్కడ మేకలు పెంచుకుంటూ ఉండేది. చెల్లెలి కోసం హోర్కాలో ఇల్లిల్లూ తిరిగి ఓట్లు వేయించింది. ఓల్షినా గెలిచింది. ఊరు వేరుపడింది. అగ్నిమాపక దళంవాళ్ళు బాకాలు ఊదారు, వ్లాస్తా మేయరైంది. మూసేసిన పాలకేంద్రం గదిలో కార్యాలయం పెట్టి, గోడకు ఊరి పటం తగిలించింది. ఆకుపచ్చ రంగు వేసిన ఆ పటం అరచెయ్యంత ఉండేది. దాన్ని చూసినప్పుడల్లా ఆవిడకు కడుపు నిండిపోయేది.

అయితే ఊరిని ఏలడం అంటే మట్టి పూసినంత తేలిక కాదని త్వరలోనే తెలిసింది. దీపాలు వచ్చాయి, కానీ ఊరంతటికీ చాలవు. ముందు బీరు కొట్టు ముందర వేశారు, తర్వాత చర్చి దగ్గర, ఆ తర్వాత, ఎలా జరిగిందోగాని, వ్లాస్తా ఇంటి సందులో వేశారు. బస్సును ఊరి నడిమధ్యదాకా తెప్పించింది. హోర్కా దాకా పంపమంటే, అంతమంది ఎక్కరు కదా అన్నారు. అన్నవాళ్ళలో ఆవిడా ఉంది.

ఒక గురువారం బొహుమిలా మేకపాల జున్ను గుడ్డలో కట్టుకుని కార్యాలయానికి వచ్చింది.

"ఏమే, మా గుట్టకు దీపం ఎప్పుడేస్తావ్?"

"అక్కా, ఇవాళ కార్యాలయం మూత. సోమ, బుధవారాలు రావాలి."

"తలుపు తీసే ఉందిగా. నువ్వు కూర్చునే ఉన్నావుగా."

"కూర్చున్నాను. కానీ పనిచేయడం లేదు. నేనే నియమం తప్పితే ఊళ్ళోవాళ్ళేమంటారు?"

బొహుమిలా చెల్లెలి మొహంలోకి చూసింది. చిన్నప్పుడు ఆ మొహం కడిగింది తనే. "సరే, దీపం సంగతి చెప్పు," అంది.

"వచ్చే ఏడాది చూద్దాం," అంది వ్లాస్తా. అన్న మరుక్షణమే ఆ మాట చెవిలో ఎక్కడో గుచ్చుకుంది. అయినా వెనక్కి తీసుకోలేదు. మేయరు మాట కదా.

బొహుమిలా జున్ను మూట మళ్ళీ చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ ఆకురాలు కాలంలో హోర్కావాళ్ళు బొహుమిలా వంటింట్లో సమావేశమయ్యారు. పుట్టగొడుగులు వేసిన బంగాళదుంప సూప్ తాగుతూ విన్నారు. "మన గడప ఎలా ఉంటుందో ఎన్నడూ చూడనివాడు మనకేం కావాలో చెప్తాడా?" అంది బొహుమిలా. చెల్లెలి ఉపన్యాసం ఆవిడకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. మోకాళ్ళ సంగతి కూడా వదల్లేదు. హోర్కా ఓల్షినా నుంచి విడిపోయి తిరిగి బిస్త్రొవిత్సేలో కలవాలని అక్కడున్నవాళ్ళంతా చేతులెత్తారు.

పట్నం మేయరు స్త్రాన్స్కీ ఎగిరి గంతేశాడు. గుట్టమీద మంచి గాలి, దూరందాకా కనిపించే చూపు. అక్కడ బెంచీలు వేస్తే రోగులను తీసుకెళ్ళి ఊపిరి పీల్పించవచ్చు. జిల్లా కార్యాలయం నుంచి దోలెజల్ అనే అధికారి పరిశీలనకు వచ్చాడు. వ్లాస్తా ఆయన నడుముకు మట్టి పూసిన రోజులు ఇద్దరికీ గుర్తున్నాయి. అందువల్ల ఆయన ఆవిడ కళ్ళలోకి చూడకుండా పటం వైపే చూస్తూ మాట్లాడాడు.

"చట్టం ప్రకారం కుదురుతుందమ్మా. వాళ్ళకు ఇష్టం, పట్నానికి ఇష్టం."

"చుట్టూ నా ఊరు, మధ్యలో పట్నమా? నా పటంలో కన్నం పెడతారా?"

"కన్నం అనరు. ద్వీపం అంటారు."

"నీళ్ళేవండీ దానికి చుట్టూ?"

"చుట్టూ ఉన్నది మీరేనమ్మా," అన్నాడు ఆయన, మర్యాదగానే.

హోర్కా వెళ్ళిపోయింది. వ్లాస్తా పటం మీద ఆ చోటికి తెల్లకాగితం ముక్క అంటించింది. కావాలనే కొంచెం చిన్నదిగా కత్తిరించింది. అక్కాచెల్లెళ్ళ మధ్య మాటలు ఆగిపోయాయి. చర్చిలో చెరో వైపు కూర్చునేవాళ్ళు. క్రిస్మస్‌కు బొహుమిలా ఏటా పంపే ప్లమ్ జామ్ బన్నులు ఆ ఏడు రాలేదు. వ్లాస్తా తనే చేసుకుంది. అడుగు మాడాయి.

జనవరిలో మంచు పడింది. మామూలుగా కాదు, కంచెలు కనిపించనంత. ఓల్షినాకు సొంతంగా మంచు తోసే ట్రాక్టర్ ఒకటుంది, వేరుపడ్డ సంబరంలో కొన్నది. అది మొదటిరోజు చర్చి దాకా వెళ్ళి దగ్గి, నల్లపొగ వదిలి ఆగిపోయింది. మెకానిక్ దాని కింద దూరి చూసి, "దీనికి మీ నల్లమట్టి పూత పూయాలేమో," అన్నాడు.

మర్నాడు పొద్దున్న పట్నం బండి వచ్చింది. పసుపుపచ్చటి పెద్ద లారీ, ముందర తలుపంత బ్లేడు. జనం పారలు పట్టుకుని ఆశగా వీధిలోకి వచ్చారు. ఓల్షినా పొలిమేర బోర్డు దగ్గర లారీ ఆగింది. బ్లేడు గరగరమంటూ పైకి లేచింది. చక్రాలకున్న గొలుసులు గలగలమనిపిస్తూ, ఒక్క గుప్పెడు మంచు కూడా పక్కకు తొయ్యకుండా లారీ ఊరి గుండా దాటిపోయింది. హోర్కా పొలిమేరలో బ్లేడు దించింది. గుట్టమీద మేకల దొడ్డి దాకా దారి అద్దంలా చేసి, మళ్ళీ బ్లేడు ఎత్తుకుని ఓల్షినా గుండానే దిగిపోయింది.

ఎవరూ ఏమీ అనలేదు. అందరూ మేయరు వైపు చూశారు.

వ్లాస్తా పంటి బిగువున పట్నానికి ఫోన్ చేసింది.

"ఎంత మాట!" అన్నాడు స్త్రాన్స్కీ. గొంతు తేనెలా ఉంది. "మీది స్వతంత్ర గ్రామం కదమ్మా. మీ మంచులో మేం వేలు పెడితే మీకు అవమానం కాదూ?"

మూడోరోజుకు రొట్టెల వ్యాను రావడం మానేసింది. వ్లాస్తా రోడ్డుకు అడ్డంగా నిలబడి లారీని ఆపింది. డ్రైవరు హినెక్ తల బయటపెట్టాడు. ఇతగాడిది ఓల్షినాయే.

"తప్పుకో మేయరమ్మా. కాలు జారితే స్నానశాలకు తీసుకెళ్ళాలి."

"బ్లేడు దించరా హినెక్. మీ అమ్మ కూడా ఈ వీధిలోనే ఉంటుందిగా."

"ఉంటుంది. రెండురోజులుగా నాకు భోజనం పెట్టడం లేదు, బ్లేడు దించేదాకా పెట్టదట. ఏం చెయ్యను, దించితే స్త్రాన్స్కీ నా పని తీసేస్తాడు. కావాలంటే ఎక్కు, హోర్కా దాకా దింపుతాను. మనుషుల్ని ఎక్కించుకోవద్దని ఎవరూ చెప్పలేదు."

వ్లాస్తా కొంచెంసేపు నిలబడింది. గుట్టవైపు చూసింది. తర్వాత ఎక్కింది. లారీ కదిలాక కిటికీలోంచి తన ఊరిని చూసుకుంది. బ్లేడు ఎత్తుకుని పోతున్న బండిలో మేయరు కూర్చుని ఉండటం పారలు పట్టుకున్న జనమంతా చూశారు. ఆవిడ తల దించుకోలేదు, మెడ మాత్రం చెమర్చింది.

బొహుమిలా దొడ్లో మేకలకు ఎండుగడ్డి వేస్తోంది. చెల్లెలిని చూసి ఆశ్చర్యం చూపించలేదు.

"పరాయి దేశానికి వచ్చావే, పాస్‌పోర్టు తెచ్చావా?"

"అక్కా, ఊరు బిగుసుకుపోయింది."

"అయ్యో. వచ్చే ఏడాది చూద్దాం."

వ్లాస్తా ఏమీ అనలేదు. మేక ఒకటి వచ్చి ఆవిడ కోటు గుండీ నమలబోయింది. దాని నోట్లోంచి గుండీ లాక్కుంటూనే, "నాకు సిగ్గుగానే ఉంది," అంది మెల్లగా. "ఆ మాట అన్నప్పుడే అనిపించింది. నోట్లోకి ఎలా వచ్చిందో తెలీదు. ఆ కుర్చీలో ఏదో ఉంది."

"నీ ఒళ్ళు తెగ కొవ్వెక్కింది, కుర్చీననకు," అంది బొహుమిలా. గడ్డి పంగలకర్ర గోడకు ఆనించింది. "సరే లోపలికి రా. చన్నీళ్ళలో పడ్డ కుక్కలా ఉన్నావు."

వంటింట్లో కూర్చున్నాక అసలు సంగతి బయటపడింది. పట్నం హోర్కాకు ఒక్క దీపం కూడా వెయ్యలేదు. బెంచీలు వేసింది. బెంచీల మీద కూర్చున్న రోగులు గాలిలో మేకల వాసన ఉందని ఫిర్యాదు చేశారు. ఎండాకాలం వచ్చేలోగా మేకలను తీసెయ్యాలని స్త్రాన్స్కీ కబురు పెట్టాడు.

"దీపం గురించి అడిగితే ఏమన్నాడు?" అడిగింది వ్లాస్తా.

"చెప్పనా?" అంది బొహుమిలా.

ఇద్దరూ ఒకేసారి నవ్వారు. వ్లాస్తాకు నవ్వుతో పాటు కళ్ళనీళ్ళు కూడా వచ్చాయి. వాటిని సూప్ ఆవిరి మీదకు తోసేసింది.

బేరం అక్కడే కుదిరింది. హోర్కా కంచె అవతల ఉన్న పచ్చిక ఓల్షినాది. అక్కడ ఏ మేక ఉండాలో ఏ మేక ఉండకూడదో చెప్పడానికి పట్నానికి అధికారం లేదు. మేకలు చెల్లెలి ఊళ్ళో ఉంటాయి, అక్క పట్నంలో ఉంటుంది. దానికి బదులు అక్క పట్నం వెళ్ళి తన పౌరహక్కు అడగాలి.

మర్నాడు బొహుమిలా హినెక్ లారీలో దిగిపోయి, గొర్రెచర్మం కోటుతోనే స్త్రాన్స్కీ గదిలోకి నడిచింది.

"నేను మీ మనిషినా, కాదా?"

"ఎంత మాటండీ, మా మనిషే."

"మరి నాకు రొట్టె ఏ దారిన రావాలి? డాక్టరు ఏ దారిన రావాలి? ఎగురుకుంటూ రారుగా. కింద ఊరి దారి కూడా తోస్తారా, లేక హోర్కా అంతా మళ్ళీ చేతులెత్తి ఓల్షినాలోకి వెళ్ళిపొమ్మంటారా? బెంచీలు కూడా మాతోనే వస్తాయి, నేలకు బిగించారు కాబట్టి."

స్త్రాన్స్కీకి ఆ వసంతంలోనే గుట్టమీద విశ్రాంతి భవనానికి పునాది వేయాలని ఉంది. ఆ సాయంత్రమే ఆజ్ఞ వెళ్ళింది: హోర్కా నివాసుల సౌకర్యార్థం, ఓల్షినా మేయరు అనుమతిస్తే, దారి పొడుగునా మంచు తొలగించాలి. ఓల్షినా మేయరు అనుమతించింది. హుందాగా, పట్నం మీద జాలిపడుతున్నట్టు అనుమతించింది. హినెక్‌కు వాళ్ళమ్మ మళ్ళీ భోజనం పెట్టింది. ఊళ్ళోవాళ్ళు బీరు కొట్టులో మేయరు ఆరోగ్యానికి గ్లాసులెత్తారు. ఆవిడ పట్నం మెడలు వంచిందని చెప్పుకున్నారు. ఆవిడ కాదనలేదు. కానీ ఆ వారమే, ఎవరూ అడక్కుండానే, తన ఇంటి సందులో దీపం పీకించి హోర్కా దారి మలుపులో, సరిగ్గా సరిహద్దుకు ఇవతల పాతించింది. వెలుగు సరిహద్దు దాటి బొహుమిలా వాకిట్లో పడేది. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదని దోలెజల్ గారే ఫోన్లో చెప్పాడు.

మే నెలలో ఒకరోజు అక్కాచెల్లెళ్ళు మేకలను పచ్చికకు తోలుకు వెళ్తున్నారు. వ్లాస్తా బూట్ల నిండా పేడ. పట్నం నుంచి వచ్చిన రోగి ఒకాయన, చేతిలో పింగాణీ కప్పు, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని దారిలో నిలబడ్డాడు.

"ఏమండీ, ఈ వాసన గురించి ఎవరికి చెప్పుకోవాలి? ఇక్కడ మేయరంటూ ఎవరైనా ఉన్నారా?"

"చెప్పండి, నేనే," అంది వ్లాస్తా.

ఆయన ఆవిడను తలనుంచి బూట్లదాకా చూసి, హాస్యమాడుతోందనుకుని నవ్వేశాడు. "సరదా మనుషులు మీరు," అంటూ గుట్టమీద బెంచీల వైపు నడిచాడు. బొహుమిలా నవ్వు ఆపుకోలేక గేటు తియ్యడం మరిచిపోయింది. ఈలోగా మేకలన్నీ ఆయన వెనకే బయల్దేరాయి.