నలుసులు పలచబడ్డ చోటు

పొద్దు వాలితే ఆ వీధిలో అందరూ చేసే మొదటి పని గిన్నెల మీద మూతలు పెట్టడం. పగలంతా పగడాల దిబ్బ సందుల్లో దాక్కున్న నలుసంత జీవాలు చీకటి పడగానే పైకి లేస్తాయి. నీళ్ళ అంచు దగ్గర ఆగవు. కిటికీల్లోంచి తేలుతూ ఇళ్ళలోకి వచ్చి, తెల్లారేదాకా పైకప్పు కింద మిణుకుమిణుకుమంటూ తిరుగుతాయి.

"నీ ఆఫీసు ఇంటికొచ్చింది, పాల మీద మూత పెట్టు," అని ఆ వీధిలో ఒకావిడను ఏడిపించేవాడు భర్త. ఆవిడ ఉద్యోగం ఆ నలుసుల్ని సన్నవలతో పట్టి, దిబ్బ మీద ఎక్కడెన్ని ఉన్నాయో లెక్కపెట్టడమే.

ఈమధ్య ఆ మాటకి ఆవిడకు నవ్వు రావడం లేదు. చనిపోయిన తన అన్నావదినల కూతురు, పిట్టంత పిల్ల, ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ పెదవి విప్పలేదు. మాట సరే, గుక్కెడు పాలు తప్ప ఏదీ ముట్టదు. లైట్లన్నీ వేసి, చెరో పక్కా కూర్చుని, "ఒక్క ముద్ద, మా బంగారం కదూ" అని బతిమాలేవారు. పిల్ల నోరు ఇంకా బిగించేది.

చివరికి పిల్ల మేనమామ వచ్చాడు. చెడ్డవాడేం కాదు. చిక్కిపోయిన మేనకోడల్ని చూసి బెంగపడ్డాడు.

"మీ తప్పని కాదమ్మా. మా ఊళ్ళో హాస్టలుంది, డాక్టరు కూడా అక్కడే ఉంటాడు. పొద్దున్నే తీసుకెళ్తాను," అని పిల్ల బట్టలు సంచీలో సర్దేశాడు.

ఆ రాత్రి ఆవిడ పిల్ల గదిలోకి వెళ్ళి, లైటు వెయ్యబోయి ఆగింది. గది నిండా నలుసులు. పైకప్పు కింద చిక్కగా, గోడల వెంట చిక్కగా ఉన్నాయి. పిల్ల మంచం మీద మాత్రం జానెడు మేర పలచగా ఉన్నాయి. బల్ల మీద అలా లేదు, కుర్చీ మీదా లేదు. కళ్ళు మూసుకుని పడుకున్న పిల్ల నోరు కాస్త తెరుచుకుని ఉంది.

ఆవిడ రోజూ వలలో చూసేదే ఇది. పగడాల్ని ఆనుకుని ఎప్పుడూ పలచగానే ఉంటాయి. పగలు ముడుచుకున్న పగడం చీకట్లో నోళ్ళు తెరిచి, దగ్గరికొచ్చినవాటిని తినేస్తుంది. ఇన్నాళ్ళూ దిబ్బ మీద చూసింది గానీ ఇంట్లో చూడలేదు, వెర్రిబాగుల్ది.

"లైట్లన్నీ ఆపండి," అంది భర్తతో.

"వంటింట్లోది కూడానా?"

"వీధి గుమ్మంలోది కూడా."

పాలలో నానిన రొట్టె తెచ్చి, మంచం పక్కన నేల మీద కూర్చుంది. బతిమాలలేదు, పిల్లవైపు చూడలేదు, ఊరికే చెయ్యి చాపింది. చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత వేళ్ళకు వెచ్చటి ఊపిరి తగిలింది. ముద్ద పోయింది. ఇంకోటీ పోయింది. ఆవిడకు ఏడుపు ఆగలేదు.

గుమ్మంలో మేనమామ స్విచ్చి కోసం గోడ తడిమాడు.

"లైటు వద్దు మామయ్యా," అంది పిల్ల. "అత్త ఇంకా పెడుతోంది."

అతని చెయ్యి గోడ మీదే ఉండిపోయింది. కాసేపటికి, ఎవరూ అడక్కుండానే, ఆ చీకట్లోనే సంచీ విప్పి బట్టలన్నీ బీరువాలో పెట్టేశాడు. పొద్దున చూస్తే పిల్ల గౌన్లు ఇంటాయన చొక్కాల అరలో ఉన్నాయి. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.