తాళం వేసినవాళ్ళే తీయాలి

మా ఆయన నన్ను మళ్ళీ అరువిచ్చేశాడు. ఈసారి వాళ్ళక్కకి.

"ఆదివారం వస్తున్నామని అక్కకి చెప్పేశానోయ్. స్విచ్చిబోర్డు చిటపటలాడుతోందట. నీకదో లెక్కా?" అన్నాడు, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. నేను గిన్నెలు తోముతున్నాను. నన్నడగాలన్న ఆలోచనే రాలేదు మహానుభావుడికి. సోమవారం నాకు ఇన్‌ఛార్జి పోస్టుకి పరీక్ష. పదకొండేళ్ళుగా, మిల్లుకంతటికీ కరెంటు పంచే స్విచ్‌గేర్ రూములో బీరువాలంత బ్రేకర్లు విప్పి, తుడిచి, బిగించి నిలబెడుతున్నదాన్ని. నా దగ్గర పని నేర్చుకున్న ఇద్దరు మగాళ్ళు ఇన్‌ఛార్జులై నాకే డ్యూటీలు వేశారు. మీటింగు పెడితే మాత్రం బిస్కెట్లు పంచేది నేనే. ఆడచెయ్యి పడితే బాగుంటుందట! చదువుకోడానికి ఈ ఆదివారం ఒక్కటే మిగిలిందని ఆయనకి మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ "ఊఁ" అన్నాడు. ఆయన ఊఁ కొట్టాడంటే వినలేదని అర్థం. పెళ్ళయిన కొత్తలో తెలీక మురిసిపోయేదాన్ని.

ఈ అరువు పద్ధతి ఎలాగంటే, స్టూలెక్కేది నేను, కింద టార్చి పట్టుకునేది ఆయన. లైటు వెలగ్గానే అందరూ ఆయన భుజం తడతారు. "సెలవురోజున కూడా ఎంత ఓపికయ్యా నీకు!" అంటారు. ఆయన సిగ్గుపడతాడు కూడా.

పుస్తకం సంచిలో వేసుకునే వెళ్ళాను. వదినగారి వరండాలో పాతకాలపు ఇనప మెయిన్ స్విచ్చి ఉంది. పిడి కిందికి దించి, నా ఎర్రతాళం వేసి, "పని జరుగుతోంది, వేయరాదు" అన్న చీటీ తగిలించి, తాళంచెవి జాకెట్లో దోపుకున్నాను. మిల్లులో మా రూలిది. తాళం వేసినవాళ్ళే తీయాలి. మేనేజరైనా సరే, ముట్టుకోడు.

"మా ఇంట్లో మాకే తాళమా?" అని వదినగారు బుగ్గలు నొక్కుకుంది.

"పోయిన ఏడాది నేను బోర్డులో చెయ్యి పెట్టి ఉండగా మీ తమ్ముడు ఫోను ఛార్జింగుకని మెయిన్ వేసేశారు వదినా. మోచేతి దాకా కొట్టింది."

"ఒక్క సెకనేగా, ఇంకా ఎన్నాళ్ళు దెప్పుతావ్?" అన్నాడు మా ఆయన. ఆ రోజు కూడా ఇదే మాట. నేను స్టూలు దిగి చెయ్యి రుద్దుకుంటుంటే తన ఫోను ఛార్జింగు ఎంత ఎక్కిందో చూసుకున్నాడు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అప్పటినుంచీ తాళం లేకుండా నేను ఎవరింట్లోనూ స్టూలెక్కలేదు.

బోర్డు విప్పితే లోపల వదులైన స్క్రూ, మాడిపోయిన వైరు. కొస కత్తిరించి, కొత్త స్విచ్చి బిగించేసరికి అరగంట పట్టింది. చివరి స్క్రూ ఇంకా చేతిలో ఉండగానే వదినగారు మొదలుపెట్టింది. "పైవాటాలో గీజరు కూడా చూసెయ్యి. పక్కింటావిడని మిక్సీ తెమ్మన్నాను. ముందు దిగి టీ పెట్టమ్మా, నీ చేతి టీ అంటే మీ అన్నయ్యగారికి ప్రాణం." ఆ అన్నయ్యగారు, అంటే వదినగారి మొగుడు, మ్యాచ్ కోసమని రిమోటు పట్టుకుని నల్లటి టీవీ వంకే చూస్తున్నాడు.

"రేపు నాకు పరీక్షండీ," అన్నాను.

"పరీక్షెక్కడికి పోతుంది? వచ్చే ఏడు మళ్ళీ పెడతారుగా," అన్నాడు మా ఆయన, నా తరపున. అందరూ తలలూపారు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది, అంతలోనే కోపం దాన్ని నెట్టేసింది. వచ్చే ఏడు ఇంకెవరింట్లోనో ఇంకో బోర్డు పాడవుతుంది, నాకు తెలీదూ!

కిందికి దిగాను. చేతులు కడుక్కున్నాను. స్టూలు పట్టుకెళ్ళి వరండాలో మెయిన్ కింద వేసుకుని, పుస్తకం తెరిచాను.

లోపల ఫ్యాన్లు లేవు, మ్యాచ్ లేదు. అన్నయ్యగారు రెండుసార్లొచ్చి చీటీ చదివి, తాళం ఊపి చూసి, నావంక చూసి వెళ్ళిపోయాడు. కాసేపటికి పాలు పొంగి మాడిన వాసన వచ్చింది. ఎవరో మగాళ్ళే టీ పెడుతున్నట్టున్నారు. నేను లేవలేదు. ఆదివారం పూట ఇంత హాయిగా కూర్చుని ఎన్నేళ్ళయిందో!

చివరికి మా ఆయన చెమటలు తుడుచుకుంటూ వచ్చి పక్కనే గొంతుక్కూర్చున్నాడు.

"నిజం చెప్పు. పనయిపోయిందా లేదా?"

"అయిపోయి గంటయింది."

"మరి తాళం తీయవేం?"

"అయిపోయింది మీ అక్క పని. నాది ఇంకా రెండు పాఠాలుంది."