తప్పుకున్న చోటు

రెండే రెండు మిల్లీమీటర్లు, గోరు మందం కూడా ఉండదు, దానికోసం అరగంట నుంచి కెమెరాల కొట్లో ఈ గాజు బల్ల ముందు తల పట్టుకుని నిలబడ్డాడు మానవుడు, పద్నాలుగు లెన్స్ తీసుకోవాలా పదహారు తీసుకోవాలా, పద్నాలుగైతే కొండ ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక్క చూపులో పట్టేస్తుంది కానీ ముందు గాజు కోడిగుడ్డులా ఉబ్బి ఉంది, ఫిల్టర్ బిగించే వీల్లేదు, బరువు చూస్తే చంటిపిల్లంత, పదహారైతే తేలిక, ముప్పై ఐదు దాకా జూమ్ అవుతుంది, ఇంటావిడే ఉంటే ఒక్క ముక్కలో తేల్చేసేది, లెక్కల టీచర్ కదా, ఏమండీ మీ భుజం ఏది మొయ్యగలదో అది కొనండి, కొండ ఎటూ మీ మాట వినదు అనేది, అని పకపకా నవ్వేది, ఆ నవ్వుకి అతనికి ఒళ్ళు మండేది, ఇప్పుడు మండించే మనిషి లేదు, ఆవిడ పోయి మూడు నెలల పన్నెండు రోజులు, భుజం మాత్రం నిక్షేపంగా ఉంది, పాడు భుజం.

ఈ కొత్తవాటి గొప్పదనం ఏంటంటే సార్, అంటున్నాడు కొట్టతను, పాతికేళ్ళ పరిచయం, మనిషి మంచివాడే, నోరే ఆగదు, తెల్లవారుజామున మసక చీకట్లో కూడా టక్కున ఫోకస్ పట్టేస్తాయి, ఇంక మీకు ఎవరి సాయమూ అక్కర్లేదు, అనేసి నాలిక్కరుచుకున్నాడు, పాపం అతని తప్పేముంది, నిజమే కదా అన్నాడు ఇతను, అక్కర్లేదు, ఎవరి సాయమూ అక్కర్లేదు, పాత లెన్స్ బల్ల మీద పక్కకి ఒరిగి పడి ఉంది, మార్పిడికి ఇచ్చేద్దామని తెచ్చాడు, దాని ఫోకస్ మోటారు ఆరేళ్ళ కిందటే చచ్చింది, అప్పుడే ఆవిడ పోరింది, కొత్తది కొనుక్కోండి బాబూ అని, ఎందుకే దండగ, నువ్వున్నావుగా అన్నాడు, ఎంత తేలిగ్గా అన్నాడో, టీ పెట్టమన్నంత తేలిగ్గా, నువ్వున్నావుగా.

ఉంది కాబట్టే ఆరేళ్ళు గడిచాయి, చలిలో, మంచులో, కళ్ళు తెరుచుకోని వేళల్లో శాలువా కప్పుకుని టార్చి పట్టుకుని ముందుకు నడిచేది, అతను ట్రైపాడ్ దగ్గర నించుని ఇంకొంచెం ముందుకి, ఆ రాయి పక్కకి, ఆఁ అక్కడ, కదలకు అనేవాడు, మసక వెలుతురులో రాయేదో నీడేదో తెలిసేది కాదు, ఆవిడ చేతిలో వెలుగొక్కటే ఆధారం, కెమెరా తెర మీద ఆ చోటుని పెద్దది చేసుకుని లెన్స్ రింగు చేత్తో తిప్పి తిప్పి, అంతా తేటపడ్డాక, చాలు, ఇక తప్పుకో అని కేకేసేవాడు, తప్పుకోవడమంటే మాటలా, వెడల్పు లెన్స్ కదా, ఎటు వెళ్ళినా చివర్న ఎక్కడో కనబడుతూనే ఉంటుంది, చుట్టూ తిరిగి అతని వెనక్కి వచ్చేదాకా పరిగెత్తాలి, మీ లెన్స్‌ది మా హెడ్మాస్టర్ చూపండీ, ఏ మూల నక్కినా పట్టేస్తుంది అనేది రొప్పుతూ, అతను వినిపించుకునేవాడు కాదు, వెలుతురు వచ్చేస్తోంది మరి, కొండ కొస మీద ఎరుపు రెండు నిమిషాలే నిలుస్తుంది, రెండు నిమిషాలు, ఆ రెండు నిమిషాల కోసమే బతికాడు మహానుభావుడు.

మొన్న చలికాలం మొదట్లో, ఎండిన చెరువు దగ్గర, ఆవిడ పరిగెత్తలేదు, నడిచింది, నాలుగడుగులు వేసి ఆగింది, ఉండండి, ఆయాసంగా ఉంది అంది, వెలుతురు పోతోందే, ఆయాసం తర్వాత పడుదువుగాని, ముందు తప్పుకో అన్నాడు, ఆ మాట ఇప్పుడు అన్నం ముందు కూర్చున్నా వినబడుతుంది, పళ్ళు తోముకుంటున్నా వినబడుతుంది, ఆయాసం తర్వాత పడుదువుగాని, ఆవిడ వెనక్కి వచ్చి రాయి మీద కూలబడింది, గుండె మీద చెయ్యి పెట్టుకుందో లేదో అతనికి తెలియదు, తిరిగి చూస్తే కదా, ఆ రోజు బొమ్మలో ఎడమ మూల శాలువా అంచు పడింది, తప్పుకోవడం ఆలస్యమైంది కాబట్టి పడింది, ఇంటికెళ్ళి కంప్యూటర్ ముందు గంటసేపు కూర్చుని ఆ అంచుని చెరిపేశాడు, పోగు కూడా మిగలకుండా, పైగా ఆవిణ్ణే పిలిచి చూపించాడు, చూడు, నువ్వున్నట్టే తెలియడం లేదు కదూ అని, బావుందండీ, అసలు తెలియడం లేదు అంది ఆవిడ.

ఆ బొమ్మనే ఆసుపత్రి వాళ్ళు కొనుక్కున్నారు, వరండాలో తగిలించడానికి, ఆఖరి రోజు లోపల ఆవిడకి గొట్టాలు పెడుతుంటే అతను మూడు గంటలు దాని ఎదురుగా కూర్చున్నాడు, కూర్చుని ఏమాలోచించాడయ్యా అంటే, మూలల్లో కొంచెం తేట తగ్గిందే, కొత్త లెన్స్ కొనాలి అనుకున్నాడు, ఛీ, అంతలో తలుపు తెరుచుకుంది, డాక్టరు మొహం చూడగానే తెలిసిపోయింది.

గోడకి పెట్టడానికి ఫోటో కావాలంది మరదలు, బావగారూ, అక్కది మంచిది ఒకటి తీసివ్వండి, ఎన్ని వేలు తీశారో కదా, నలభై వేలు తీశాడు, రాత్రీపగలూ వెతికాడు, కొండలు, చెరువులు, రాళ్ళు, మంచు, మనిషి లేదు, ఎక్కడా లేదు, మరదలు నమ్మలేదు, ఒక్కటైనా లేదా బావగారూ అని అతని మొహంలోకి చూసింది, చివరికి బడి గుర్తింపు కార్డు మీది బొమ్మనే పెద్దది చేయించారు, గడ్డం మీదుగా స్టాంపు గీత, పిల్లల్ని బెదిరిస్తున్నట్టు బిగించిన పెదాలు, అది ఆవిడ మొహమే కాదు, ఆవిడ మొహం ఎలా ఉండేదో అతనికి తెలుసు, అతనికి తెలిసినట్టు ఎవరికీ తెలియదు.

సార్, పదహారుది పెట్టి చూడండి ఒకసారి, కొట్టతను కెమెరా చేతికిచ్చి తనే ఎదురుగా నిలబడ్డాడు, పది అడుగుల దూరంలో, సరిగ్గా ఆవిడ నిలబడేంత దూరంలో, టక్, పట్టేసింది, రింగు తిప్పే పని లేదు, కదలకు అనే పని లేదు, పాత అలవాటు కొద్దీ తెర మీద పెద్దది చేశాడు, కొట్టతని కనుబొమలు, కళ్ళజోడు మీద వేలిముద్ర, అన్నీ కనబడుతున్నాయి, ఇలాగే కనబడేది ఆవిడ, టార్చి గడ్డం కింద పెట్టుకుని దెయ్యంలా నాలుక చాపి, నేను తేటగా ఉన్నానా అని అరిచేది, తెరనిండా ఆవిడే, కనురెప్పల మీద మంచు చుక్కలు, చలికి ఎర్రబడిన ముక్కు కొస, వెలుగు పడి మెరిసే కళ్ళు, ఆరేళ్ళు, వందల తెల్లవారుజాములు, లోకంలో ఇంకేదీ అంత తేటగా లేని క్షణంలో, వేలు మీట మీదే ఉండేది, మీట మీదే, నొక్కేవాడు కాదు, తప్పుకో అనేవాడు.

నన్ను తప్పుకోమంటారా సార్, వెనక గోడని ఫోటో తీస్తారా, అంటున్నాడు కొట్టతను, వద్దు, వద్దయ్యా, నువ్వక్కడే ఉండు అన్నాడు, మీట నొక్కాడు, చిన్న చప్పుడు, అంతే, కొట్టతను తెల్లబోయిన మొహంతో తెర మీద నిలిచిపోయాడు, ఇంత తేలికా, ఇంతేనా, కెమెరా బల్ల మీద పెట్టి పాత లెన్స్‌ని తీసుకుని సంచిలో వేసుకున్నాడు, కొట్టతను ఏదో అడుగుతున్నాడు, పద్నాలుగా సార్, పదహారా సార్, ఏదైతేనేం, కొండ కోసం ఆవిణ్ణి తప్పుకోమన్నాడు, వెళ్ళిపోయేది కొండే అన్నట్టు, కొండ ఎక్కడికి పోతుంది, ఒక్క క్షణం ముందు నొక్కి ఉంటే చాలు, కొండ ఇవాళ్టికీ అక్కడే ఉంది.