ట్యాంకు అలిగిన వారం

పొద్దున్నే వచ్చి పంపు ఆన్ చేయడం, ఊరి మురుగులోంచి అడుక్కి దిగిన మడ్డిని పెద్ద ట్యాంకులోకి వదలడం, వేడి సరిచూడడం, పైన గొట్టం కొసన నీలంగా మంట వెలుగుతోందో లేదో చూసుకోవడం. కోడలి ఉద్యోగం అదే. గాలి చొరబడని ఆ ట్యాంకులో కంటికి కనపడని సూక్ష్మజీవులు మడ్డిని తిని గ్యాసు చేస్తాయి. తిన్నాక కబుర్లకి దిగుతాయి. ఇనుప గోడకి చెవి ఆనిస్తే సంత గోల. "ఇవాళ ఉప్పెక్కువైంది", "నిన్నటిదే నయం" అని వంకలు పెట్టడం కూడానూ! ఆ గోల లేనిదే వాచ్‌మన్‌కి కునుకు పట్టదు.

అన్నీ బాగానే ఉన్నాయి గానీ, ఆ జనం కోడల్ని పలకరించరు. ఇదివరకు ఆ పని చేసిన అత్తగారు మోకాళ్లు మొరాయించి ఇంటిపట్టున ఉండిపోయినప్పటినుంచీ ఒకటే ప్రశ్న: "పెద్దావిడేదీ?" కోడలి మనసు చివుక్కుమనేది. వాళ్లని మచ్చిక చేసుకోవాలని రోజూ కాస్త ఎక్కువే పెట్టింది. ఒకరోజు మంట ఆరిపోయింది. ట్యాంకు మూగబోయింది. బెంగపడి ఇంకాస్త పెట్టింది.

ఇంజినీరమ్మ మడ్డి పరీక్ష చేసి పెదవి విరిచింది.

"పులిసిపోయిందమ్మా. లోపల రెండు రకాలవాళ్లుంటారు. ఒకళ్లు గబగబా తిని పులుపు చేసేస్తారు. ఆ పులుపు తిని గ్యాసు చేసేవాళ్లు నిదానస్తులు. మరీ ఎక్కువ పెడితే అందుకోలేరు."

"తోడికోడళ్లన్నమాట."

"అలాగే అనుకో. సున్నం వేసి చూద్దాం. సోమవారానికి మంట రాకపోతే మాత్రం ట్యాంకు ఖాళీ చేయించమన్నారు పైవాళ్లు."

ఖాళీ చేయడమంటే ఆ జనమంతా పోవడమే. చేజేతులా పెట్టి చంపుకున్నట్టే. కోడలికి ఏడుపు ముంచుకొచ్చింది.

ఇంటికొచ్చి చెబితే, అత్తగారు మోకాలికి నూనె రాసుకుంటూ అంది, "ప్రేమకొద్దీ పెట్టావు. ఇప్పుడు ప్రేమకొద్దీ మానెయ్యి. అడిగినా సరే, పెట్టకు."

"నన్నెప్పుడు అడిగారు గనక, అత్తయ్యా!"

మర్నాడు మడ్డి వదలడం ఆపేసింది. సున్నం కలిపింది. అవతలి ప్లాంటునుంచి బతికున్న మడ్డి డబ్బాలతో తెప్పించి, పాలకి తోడేసినట్టు కాస్త కలిపింది. వేడి ఒక్క డిగ్రీ తగ్గనివ్వలేదు. పొద్దస్తమానం గోడకి వీపు ఆనించి కూర్చుంది.

"చచ్చిపోయారులే అమ్మా, ఇంటికెళ్లు," అన్నాడు వాచ్‌మన్.

"చస్తే నాకు చెప్పే చస్తారు," అంది.

సోమవారం పొద్దున ట్యాంకు ఖాళీ చేసే లారీ గేటు ముందుకొచ్చి ఆగింది. అప్పుడు వీపు వెనక సన్నగా గొణుగుడు.

"ఏమే కోడలా, ఆకలేస్తోందే."

ఎన్నాళ్లనుంచో కోరుకున్న పిలుపు! కళ్లనీళ్లతోనే పంపు మీద చెయ్యి వేసింది. మళ్లీ వెనక్కి తీసేసుకుంది.

"ముందు మంట చూపించండి."

లోపల రుసరుసలు మొదలయ్యాయి. "అత్తను మించిన కోడలు!" అని ఎవరో విసుక్కున్నారు. ఆమె కదల్లేదు.

లారీవాడికి దారి చూపిస్తున్న ఇంజినీరమ్మ పైకి చూసి ఆగిపోయింది. గొట్టం కొసన నీలంగా చిన్న మంట.

"వెనక్కి తిప్పు బాబూ!" అని అరిచింది.

కోడలు కొంగుతో ముక్కు తుడుచుకుని పంపు వేసింది. నాలుగు ముద్దలంత మడ్డి వదిలి, కట్టేసింది.

"మిగతాది రేపు," అంది.